యాక్సెస్‌లో బ్రౌజ్ బటన్ మొరాయిస్తే ఫైల్ డైలాగ్‌ను సరిచేయడం ఎలా?

"బ్రౌజ్ బటన్ నొక్కితే ఫైల్ రావడం లేదండీ, ఏం చేయాలి?" మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్‌లో ఫారాలు చేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను తిరిగి అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే. డైలాగ్, అంటే ఫైల్‌ను ఎంచుకునే కిటికీ, అసలు తెరుచుకోవడం లేదా? తెరుచుకున్నా మీ ఫైల్ అందులో కనబడటం లేదా? లేక ఫైల్‌ను ఎంచుకున్నాక టేబుల్లోకి చేరడం లేదా? చాలామంది ఇక్కడే తడబడతారు. పని జరగలేదని తెలుసు, ఎక్కడ ఆగిందో చూడలేదు. ఈ మూడూ వేరు వేరు జబ్బులు, వేరు వేరు మందులు. మూడోదానికి డైలాగ్‌తో సంబంధమే ఉండదు. నేనే ఒకసారి సగం రోజు డైలాగ్ కోడ్‌ను తిరగేసి, చివరికి టేబుల్లో ఆ ఫీల్డ్ సైజు 50 అని పెట్టి ఉండటం చూసి తల పట్టుకున్నాను.

ముందే ఒక మాట. కోడ్‌లోని పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషులోనే టైప్ చేయాలి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

డేటాబేస్‌కు ఒక కాపీ తీసుకోండి. ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేయండి. డేటాబేస్‌ను రెండుగా విడదీసి టేబుళ్లను నెట్‌వర్క్‌లో పెట్టి ఉంటే, ముందుభాగం కాపీ ఒక్కటే సరిపోదు. అది అసలు టేబుళ్లకే లింక్ అయి ఉంటుంది కాబట్టి వెనుకభాగం కాపీ కూడా తీసి, లింకులను దానికి మార్చుకోండి.

మీ యాక్సెస్ 32 బిట్టా, 64 బిట్టా తెలుసుకుని రాసిపెట్టుకోండి. ఫైల్ మెనూలో అకౌంట్, అందులో అబౌట్ యాక్సెస్ నొక్కితే పై వరుసలోనే కనిపిస్తుంది. విండోస్ 64 బిట్ కాబట్టి ఆఫీసూ అంతే అనుకోకండి. 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ఆఫీస్ నిక్షేపంగా నడుస్తుంది.

పరీక్ష కోసం ఒక ఫోల్డర్ చేసి అందులో ఐదు ఎక్సెల్ ఫైళ్లు పెట్టండి. ఒకటి మామూలు పేరుతో. ఒకటి పేరులో పై కామా (') ఉన్నది. ఒకటి పేరులో # ఉన్నది. ఒకటి పూర్తిగా తెలుగు పేరుతో. ఇంకొకటి ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి, పాత్ 200 అక్షరాలు దాటేలా. ఈ ఐదింటినీ తట్టుకున్న బ్రౌజ్ బటన్ దాదాపు దేన్నైనా తట్టుకుంటుంది.

ఆఖరుగా, పరీక్షించే ఫారం మీద పాత్ చూసుకోవడానికి ఒక ఖాళీ టెక్స్ట్ బాక్స్ పెట్టండి. మెసేజ్ బాక్స్ ఉండగా ఇదెందుకు అంటారా? ఆరో మెట్టు దగ్గర తెలుస్తుంది.

1. ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

బటన్ క్లిక్ ప్రొసీజర్‌లో, అంటే బటన్ నొక్కితే నడిచే కోడ్‌లో, వేరియబుళ్లను ప్రకటించే డిమ్ లైన్ల తర్వాత వచ్చే మొదటి లైన్ మీద కర్సర్ ఉంచి ఎఫ్9 నొక్కండి. ఎర్ర చుక్క పడుతుంది. ఫారానికి వెళ్లి బటన్ నొక్కండి. కోడ్ అక్కడ పసుపు రంగులో ఆగితే మంచిదే. ఎఫ్8తో ఒక్కో లైనూ నడుపుతూ వెళ్లండి.

అసలు ఆగలేదంటే కోడ్ నడవడమే లేదు. అప్పుడు డైలాగ్‌ను అనుమానించి లాభం లేదు. కింది మూడూ ఈ వరుసలోనే చూడండి.

బటన్ ప్రాపర్టీలలో ఈవెంట్ ట్యాబ్‌కు వెళ్లి, ఆన్ క్లిక్ ఎదురుగా ఈవెంట్ ప్రొసీజర్ అని ఉందో లేదో చూడండి. బటన్‌కు పేరు మార్చినా, కాపీ చేసి వేరేచోట అతికించినా ఆ ముడి తెగిపోతుంది. పాత పేరుతో ఉన్న ప్రొసీజర్ మాడ్యూల్లో అనాథలా మిగిలిపోతుంది.

డేటాబేస్ తెరిచినప్పుడు పైన పసుపు పట్టీ వచ్చిందా? ఎనేబుల్ కంటెంట్ నొక్కనంతవరకు వీబీఏ నడవదు. ప్రతిసారీ నొక్కే బాధ లేకుండా ఆ ఫోల్డర్‌ను ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చుకోవచ్చు.

ఫైల్ మెయిల్‌లోనో డౌన్‌లోడ్ ద్వారానో వచ్చిందా? ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను ఆపేయడాన్ని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలు పద్ధతిగా చేసేసింది. విండోస్‌లో ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ పెట్టెలో టిక్ పెట్టండి. ఎవరు పంపారో తెలియని ఫైల్‌కు మాత్రం ఈ పని చేయకండి.

ఇక కోడ్ నడుస్తోంది కానీ ఏ ఎర్రరూ రాకుండా బయటకు వచ్చేస్తోందా? ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అనే లైన్ కోసం వెతకండి. ఎర్రర్లను చాప కిందకి తోసేసే లైన్ అది. దాని ముందు పై కామా పెట్టి తాత్కాలికంగా ఆపేయండి. ఇంకా తేలికైన దారి కావాలంటే ఎడిటర్‌లో టూల్స్, ఆప్షన్స్, జనరల్ ట్యాబ్‌లో బ్రేక్ ఆన్ ఆల్ ఎర్రర్స్ ఎంచుకోండి. పని అయ్యాక దాన్ని మళ్లీ పాతచోటికి మార్చడం మరిచిపోకండి. లేదంటే పని బాగానే చేసే ఎర్రర్ హ్యాండ్లర్లు కూడా అడుగడుగునా ఆగుతాయి.

2. మీ దగ్గరున్నది ఏ రకం డైలాగో గుర్తించండి

యాక్సెస్‌లో ఫైల్ డైలాగ్ తెరవడానికి సాధారణంగా మూడు దారులున్నాయి. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే రోగం ముదురుతుంది.

ఫారం డిజైన్‌లో ఒక మూల చిన్న చదరపు బొమ్మ ఉండి, కోడ్‌లో షో ఓపెన్ అనే మాట కనిపిస్తే అది పాత కామన్ డైలాగ్ కంట్రోల్. విజువల్ బేసిక్ 6 కాలం నాటి యాక్టివ్ ఎక్స్ సరుకు. అది ఉండేది కామ్‌డీఎల్‌జీ32 డాట్ ఓసీఎక్స్ అనే ఫైల్‌లో.

కోడ్‌లో అప్లికేషన్ డాట్ ఫైల్‌డైలాగ్ అని ఉంటే అది ఆఫీస్‌తో పాటే వచ్చేది.

మాడ్యూల్ పైభాగంలో డిక్లేర్ అనే మాటతో గెట్ ఓపెన్ ఫైల్ నేమ్ అని ఉంటే అది నేరుగా విండోస్‌ను పిలిచే ఏపీఐ.

3. రిఫరెన్సులు చూడండి

ఎడిటర్‌లో టూల్స్, రిఫరెన్సెస్ తెరవండి. మీ కోడ్ వాడుకునే బయటి లైబ్రరీల జాబితా ఇది. ఏ వరుస ముందైనా మిస్సింగ్ అని ఉందా? ఉంటే ముందు దాని సంగతి చూడండి, మిగతావి తర్వాత. ఈ తప్పు చిత్రమైనది. పోయింది డైలాగ్ లైబ్రరీ అయితే, ఎర్రర్ మాత్రం లెఫ్ట్, డేట్ లాంటి ఏ పాపం ఎరుగని ఫంక్షన్ల దగ్గర వస్తుంది. ప్రాజెక్టో లైబ్రరీయో దొరకలేదని చెబుతుంది. నిన్నటిదాకా నడిచిన డేట్ ఫంక్షన్ ఇవాళ ఎందుకు ఆగిందా అని జుట్టు పీక్కునేవాళ్లు చాలామందే ఉంటారు.

మిస్సింగ్ ఉన్న వరుసకు టిక్ తీసేసి, డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. ఆ లైబ్రరీని నిజంగా వాడుతున్న లైన్లు ఏవో అప్పుడు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

"యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్" అని వస్తే, ఫైల్‌డైలాగ్ రకంగా వేరియబుల్ డిక్లేర్ చేశారు కానీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆబ్జెక్ట్ లైబ్రరీకి టిక్ పెట్టలేదు. ఆఫీస్ 2010లో ఆ లైబ్రరీ నంబరు 14.0, 2013లో 15.0, 2016 నుంచి 16.0. టిక్ పెడితే మీ యంత్రంలో నడుస్తుంది. అంతకన్నా పాత ఆఫీస్ ఉన్నవాళ్లకు ఇస్తే మాత్రం వాళ్ల దగ్గర మళ్లీ మిస్సింగ్ మొదలవుతుంది. అందుకే నేను రిఫరెన్స్ మీద ఆధారపడను. ఎలాగో ఐదో మెట్టులో చెబుతాను.

4. పాత కంట్రోల్ ఉంటే బాగుచేసే ముందు ఆలోచించండి

కామన్ డైలాగ్ కంట్రోల్‌కు 64 బిట్ రూపం లేదు. మీ యాక్సెస్ 64 బిట్ అయితే ఆ ఫైల్‌ను ఎక్కడ పెట్టినా, ఎన్నిసార్లు రిజిస్టర్ చేసినా పని చేయదు. ఆఫీస్ 2019 నుంచి ఇన్‌స్టాలర్ మనం వేరేగా అడగకపోతే 64 బిట్‌నే పెడుతుంది. కొత్త కంప్యూటర్ కొన్నాక పాత డేటాబేస్‌లో బ్రౌజ్ బటన్ చచ్చిపోయిందంటే, పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదేనని నా అనుమానం. ఇక్కడ కాలం వృథా చేయకుండా నేరుగా ఐదో మెట్టుకు వెళ్లిపోండి.

32 బిట్ యాక్సెస్ అయి, కంట్రోల్‌ను ఇప్పటికిప్పుడు మార్చే వీలు లేకపోతేనే కింది పని చేయండి.

ముందుగా ఫైల్ ఉందో లేదో చూడండి. 64 బిట్ విండోస్‌లో అది ఉండాల్సింది సిస్‌వౌ64 ఫోల్డర్‌లో. పేర్లు తికమకగా ఉంటాయి: 32 బిట్ ఫైళ్లు 64 అని పేరున్న ఫోల్డర్‌లో, 64 బిట్ ఫైళ్లు సిస్టమ్32లో. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్‌వౌ64లోకి వెళ్లి, అక్కడే ఉన్న రెగ్‌ఎస్‌వీఆర్32తో ఆ ఓసీఎక్స్‌ను రిజిస్టర్ చేయండి.

జాగ్రత్త: కామ్‌డీఎల్‌జీ32 పేరుతోనే డీఎల్‌ఎల్ కూడా ఉంటుంది. అది విండోస్ సొంత ఫైల్, విండోస్‌లోని ఓపెన్, సేవ్ డైలాగులు నడిచేది దానితోనే. దాని జోలికి పోకండి. ఇంకెక్కడి నుంచో తెచ్చి దాని మీద పెట్టకండి. డీఎల్‌ఎల్ విడిగా ఇస్తామనే సైట్లనుంచి ఏదీ దించుకోకండి. మీకు కావలసింది చివర ఓసీఎక్స్ అని ఉన్నది మాత్రమే.

రిజిస్టర్ అయిందని సందేశం వచ్చినా ఫారం మీద కంట్రోల్ పెట్టబోతే లైసెన్స్ లేదని రావచ్చు. ఓసీఎక్స్ ఫైల్‌ను ఊరికే కాపీ చేసి తెచ్చుకుంటే జరిగేది ఇదే. డిజైన్‌లో వాడటానికి విజువల్ బేసిక్ లాంటి డెవలపర్ ఉత్పత్తితో వచ్చే లైసెన్స్ కావాలి. ఎర్రర్ 429, అంటే ఆబ్జెక్ట్‌ను సృష్టించలేకపోయానని వస్తే, కంట్రోల్ రిజిస్టర్ కాలేదనో, బిట్లు కలవలేదనో, లైసెన్స్ లేదనో అర్థం.

కంట్రోల్ తెరుచుకుంటోంది కానీ తేడాగా ప్రవర్తిస్తోందంటే ఈ నాలుగు చూడండి.

ఫిల్టర్‌లో వివరణకూ నమూనాకూ మధ్య నిలువు గీత (|) ఉండాలి, గీతకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఒక్క స్పేస్ పడినా ఫైళ్లు కనబడకపోవచ్చు.

క్యాన్సిల్ ఎర్రర్ ప్రాపర్టీ ట్రూ అయితే, క్యాన్సిల్ నొక్కగానే ఎర్రర్ 32755 వస్తుంది. అది తప్పు కాదు, మీరు అడిగిన కబురే. హ్యాండ్లర్‌లో ఆ నంబరు చూసి నిశ్శబ్దంగా బయటకు వచ్చేయాలి.

క్యాన్సిల్ ఎర్రర్ ఫాల్స్ అయితే ఇంకా ప్రమాదం. క్యాన్సిల్ నొక్కినా ఫైల్‌నేమ్ ప్రాపర్టీలో కిందటిసారి ఎంచుకున్న ఫైల్ పేరు అలాగే ఉంటుంది. మీ కోడ్ దాన్నే మళ్లీ ఇంపోర్ట్ చేసేస్తుంది. ఒకే రికార్డులు రెండేసి సార్లు ఎందుకు పడ్డాయో తెలియక తికమకపడేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. షో ఓపెన్ పిలిచే ముందు ఫైల్‌నేమ్‌ను ఖాళీ చేయడమే మందు.

ఒకేసారి చాలా ఫైళ్లు ఎంచుకుంటే 20476 వస్తోందా? పేర్లు పట్టే చోటు చాలలేదు. మ్యాక్స్ ఫైల్ సైజ్ పెంచండి. పేరు చూసి ఫైల్ సైజు అనుకునేరు, అది పేర్లు పట్టే బఫర్ సైజు.

5. ఆఫీస్ ఫైల్‌డైలాగ్‌కు మారండి

నా మటుకు నేను పాత కంట్రోల్ కనబడితే బాగుచేయను, తీసేస్తాను. పావుగంట పని. ఫారం మీది కంట్రోల్‌ను డిలీట్ చేయండి, రిఫరెన్సులలో దాని టిక్ తీయండి, మాడ్యూల్ మొదటి వరుసలో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ ఉండేలా చూడండి. తర్వాత బటన్ కోడ్‌ను ఈ వరుసలో రాయండి.

అ) వేరియబుల్‌ను ఫైల్‌డైలాగ్ రకంగా కాకుండా వట్టి ఆబ్జెక్ట్‌గా డిక్లేర్ చేయండి.

ఆ) సెట్ మాటతో దానికి అప్లికేషన్ డాట్ ఫైల్‌డైలాగ్ ఇచ్చి, బ్రాకెట్లో 3 అని అంకె వేయండి. 3 అంటే ఫైల్ ఎంచుకునే డైలాగ్, 4 అంటే ఫోల్డర్ ఎంచుకునేది. రిఫరెన్స్ లేనప్పుడు ఎంఎస్ఓతో మొదలయ్యే ఆ పొడుగాటి పేర్లు పనిచేయవు. ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ ఉంటే కంపైల్ అప్పుడే దొరికిపోతారు. లేకపోతే ఆ పేరు ఒక ఖాళీ వేరియబుల్ అయిపోయి 3 బదులు సున్నా వెళ్తుంది. అప్పుడొచ్చే ఎర్రర్‌కూ అసలు కారణానికీ పొంతన ఉండదు.

ఇ) ఫిల్టర్స్ డాట్ క్లియర్ పిలిచి, ఆ తర్వాతే ఫిల్టర్స్ డాట్ యాడ్ పిలవండి. క్లియర్ మరిచిపోతే బటన్ నొక్కిన ప్రతిసారీ అదే ఫిల్టర్ ఇంకోటి చేరి, జాబితా కొండవీటి చాంతాడంత అవుతుంది. ఎందుకంటే యాక్సెస్ మూసేవరకు ఈ డైలాగ్ పాత సెట్టింగులను గుర్తుపెట్టుకుంటుంది. అదే కారణంగా టైటిల్, ఒకటా చాలా ఫైళ్లా అనే అలౌ మల్టీ సెలెక్ట్, మొదట చూపాల్సిన ఫోల్డర్, ఇవన్నీ ప్రతిసారీ కోడ్‌లో స్పష్టంగా పెట్టండి. వేరే ఫారం పెట్టిన సెట్టింగ్ మీ ఫారంలోకి కారిపోకుండా ఉంటుంది.

ఈ) ఒక ఫిల్టర్‌లో రెండు రకాల ఎక్స్‌టెన్షన్లు కావాలంటే మధ్యలో సెమీకోలన్ (;) పెట్టండి. పాత కంట్రోల్ అలవాటుతో నిలువు గీత పెడితే పని చేయదు. ఫోల్డర్ డైలాగ్ అయితే ఫిల్టర్ లైన్లే తీసేయండి.

ఉ) ఇనీషియల్ ఫైల్‌నేమ్‌లో ఫోల్డర్ పాత్ ఇస్తే చివర \ తప్పనిసరి. లేకపోతే ఆఖరి ఫోల్డర్ పేరును ఫైల్ పేరుగా భావించి, పై ఫోల్డర్‌ను తెరుస్తుంది. "ఒక మెట్టు పైన తెరుచుకుంటోంది" అనే ఫిర్యాదు మొత్తం ఈ ఒక్క గీత గురించే.

ఊ) షో పిలిచి, అది తిరిగి ఇచ్చే విలువ చూడండి. ఫైల్ ఎంచుకుంటే -1, క్యాన్సిల్ అయితే 0. చాలామంది 1తో పోల్చుతారు. అప్పుడు ఫైల్ ఎంచుకున్నా ఎంచుకోనట్టే ఉంటుంది. 0 అయితే అక్కడే ప్రొసీజర్ నుంచి బయటకు రావాలి. రాకుండా కిందకి వెళ్తే ఖాళీ జాబితాలో మొదటి ఫైల్‌ను అడిగి ఎర్రర్ తెచ్చుకుంటారు.

ఋ) ఎంచుకున్న ఫైల్ సెలెక్టెడ్ ఐటమ్స్‌లో ఉంటుంది. లెక్క 1 నుంచి మొదలు, 0 నుంచి కాదు. చాలా ఫైళ్లకు ఫర్ ఈచ్ లూప్ వాడితే, తిప్పే వేరియబుల్‌ను వేరియంట్‌గా డిక్లేర్ చేయండి. స్ట్రింగ్ అయితే కంపైలర్ ఒప్పుకోదు.

డైలాగ్ టైటిల్‌ను తెలుగులో పెట్టాలనుకుంటే ఒక చిక్కుంది. వీబీఏ ఎడిటర్‌లో తెలుగు టైప్ చేస్తే ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఆ మాటను బటన్ ట్యాగ్ ప్రాపర్టీలోనో ఒక చిన్న టేబుల్లోనో రాసుకుని, కోడ్‌లో అక్కడి నుంచి చదివి టైటిల్‌కు ఇవ్వండి. చక్కగా తెలుగులోనే కనిపిస్తుంది.

సేవ్ యాజ్ డైలాగ్ కావాలా? మైక్రోసాఫ్ట్ పత్రాల ప్రకారం 1 (ఓపెన్), 2 (సేవ్ యాజ్) రకాలకు యాక్సెస్‌లో మద్దతు లేదు. ఎక్సెల్‌లో నడిచిన కోడ్‌ను తెచ్చి అతికించినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. సులువైన దారి: 4తో ఫోల్డర్ అడిగి, ఫైల్ పేరును ఫారం మీద టెక్స్ట్ బాక్స్‌లో తీసుకుని, రెండూ కలపడం. అది నచ్చకపోతే ఏపీఐలో గెట్ సేవ్ ఫైల్ నేమ్ వాడాలి.

ఏపీఐ వాడేవాళ్లకు కొన్ని మాటలు

64 బిట్ యాక్సెస్‌లో డిక్లేర్ లైన్లలో పీటీఆర్‌సేఫ్ లేకపోతే కోడ్ కంపైలే కాదు. కంపైలర్ చెప్పిందని ఆ మాట ఒక్కటి చేర్చి ఊరుకుంటే సరిపోదు. డైలాగ్ సెట్టింగులను విండోస్‌కు అందించే నిర్మాణంలో (టైప్ అని డిక్లేర్ చేసేది) విండో హ్యాండిల్, ఇన్‌స్టాన్స్, కస్టమ్ డేటా, హుక్ అనే నాలుగు సభ్యులూ లాంగ్ నుంచి లాంగ్‌పీటీఆర్ కావాలి. నిర్మాణం సైజు లెక్కకు లెన్ కాదు, లెన్‌బీ వాడాలి. 64 బిట్‌లో సభ్యుల మధ్య ఖాళీ జాగా కూడా ఉంటుంది, లెన్ దాన్ని లెక్కపెట్టదు.

సైజు తప్పయితే డైలాగ్ తెరుచుకోదు, ఎర్రరూ రాదు. ఫంక్షన్ 0 ఇస్తుంది. క్యాన్సిల్ నొక్కినా 0నే ఇస్తుంది. రెండింటినీ విడదీయడానికి వెంటనే కామ్ డీఎల్‌జీ ఎక్స్‌టెండెడ్ ఎర్రర్ ఫంక్షన్‌ను పిలవండి. అది 0 అంటే నిజంగా క్యాన్సిల్. 1 అంటే నిర్మాణం సైజు తప్పు. 12291 అంటే బఫర్ చిన్నది.

తిరిగొచ్చిన పాత్ చివర ఖాళీ నల్ అక్షరాలు ఉంటాయి, మొదటి నల్ దగ్గర కోసేయండి. కోయకపోతే కంటికి అంతా బాగానే కనిపిస్తుంది, ఫైల్ మాత్రం దొరకదు. లెన్ వేసి చూడండి. 40 అక్షరాల పాత్‌కు 260 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. చాలా ఫైళ్లు ఎంచుకుంటే మొదట ఫోల్డర్, తర్వాత నల్‌తో వేరుచేసిన పేర్లు వస్తాయి. ఒక్కటే ఎంచుకుంటే పూర్తి పాత్ ఒకటే వస్తుంది. మీ కోడ్ రెండింటికీ సిద్ధంగా ఉండాలి.

డైలాగ్ యాక్సెస్ వెనక దాక్కుంటోందంటే విండో హ్యాండిల్ సభ్యుడిని 0గా వదిలేశారు. అప్లికేషన్ డాట్ హెచ్‌విండ్ యాక్సెస్ యాప్ ఇవ్వండి.

6. తెలుగు పేర్లున్న ఫైళ్లను విడిగా పరీక్షించండి

ఆఫీస్ ఫైల్‌డైలాగ్ తెలుగు ఫైల్ పేరును సరిగ్గానే తెస్తుంది. కానీ మీరు దాన్ని మెసేజ్ బాక్స్‌లోనో ఇమ్మీడియట్ విండోలోనో చూస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. డైలాగ్ చెడిపోయిందనుకుంటారు. చెడింది చూపించే అద్దం, ముఖం కాదు. మొదట్లో టెక్స్ట్ బాక్స్ పెట్టమన్నది ఇందుకే. యాక్సెస్ ఫారం మీది టెక్స్ట్ బాక్స్ తెలుగును ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

ఫైల్ ఉందో లేదో చూడటానికి వీబీఏలోని డిర్ ఫంక్షన్ వాడుతుంటే, తెలుగు పేరున్న ఫైల్ ఎదురుగా ఉన్నా అది సరిగ్గా పట్టుకోదు. ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్‌లో ఫైల్ ఎగ్జిస్ట్స్ వాడండి. టెక్స్ట్ బాక్స్‌లో కూడా ప్రశ్నార్థకాలే కనిపిస్తే అప్పుడు నిజంగా డైలాగే కారణం. పాత కంట్రోల్, పేరు చివర ఇంగ్లీషు ‘ఏ’ (A) ఉన్న ఏపీఐ రకం ఈ పని చేస్తాయి. ఏపీఐలో చివర డబ్ల్యూ ఉన్న రకానికి, స్ట్రింగుల బదులు స్ట్రింగ్ పాయింటర్లకు మారాలి.

7. పాత్ వచ్చాక జరిగే తప్పులు

టెక్స్ట్ బాక్స్‌లో పాత్ సరిగ్గా కనబడుతోందా? అయితే డైలాగ్ నిర్దోషి. ఇక టేబుల్ వైపు తిరగండి.

ఎర్రర్ 3163 వస్తే ఫీల్డ్ చిన్నది. షార్ట్ టెక్స్ట్‌లో గరిష్ఠం 255 అక్షరాలు. విండోస్ పాత్ మామూలు పరిమితి 260. పాత్ ఫీల్డ్‌ను లాంగ్ టెక్స్ట్ చేసేయండి, పీడా పోతుంది.

3075 వస్తే, పేరులో పై కామా ఉండి మీరు ఎస్‌క్యూఎల్ వాక్యంలో పాత్‌ను కోట్స్ మధ్య అతికిస్తున్నారు. రీప్లేస్‌తో ఒక పై కామాను రెండు చేయడం తాత్కాలిక చికిత్స. రికార్డ్‌సెట్‌తో గానీ పారామీటర్ క్వెరీతో గానీ రాస్తే ఈ బెడద మళ్లీ రాదు.

పాత్ సేవ్ అయింది కానీ క్లిక్ చేస్తే ఫైల్ తెరుచుకోవడం లేదా? ఫీల్డ్ రకం హైపర్‌లింక్ ఏమో చూడండి. ఆ రకంలో # గుర్తు భాగాలను విడదీయడానికి వాడతారు. ఫైల్ పేరులోనే # ఉంటే పాత్ మధ్యలో తెగుతుంది. పాత్‌ను మామూలు టెక్స్ట్‌గా దాచుకోవడమే మేలు.

టెక్స్ట్ ఫైల్ ఇంపోర్ట్ చేస్తుంటే 3027, అంటే డేటాబేస్ రీడ్ ఓన్లీ అని వస్తే, డేటాబేస్ అనుమతుల వెంట పరిగెత్తే ముందు ఫైల్ ఎక్స్‌టెన్షన్ చూడండి. టీఎక్స్‌టీ, సీఎస్‌వీ లాంటివి కాకుండా డీఏటీ వంటిది ఉంటే యాక్సెస్ ఇదే మాట అంటుంది. ఎక్స్‌టెన్షన్ మార్చిన కాపీతో ప్రయత్నించండి.

మీ దగ్గర తెరుచుకున్న ఫైల్ పక్కవాళ్ల దగ్గర దొరకడం లేదంటే, జడ్: లాంటి మ్యాప్ చేసిన డ్రైవ్ అక్షరంతో పాత్ సేవ్ అయింది. వాళ్ల కంప్యూటర్లో ఆ అక్షరం ఇంకో ఫోల్డర్‌కు ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్‌లో గెట్ డ్రైవ్‌తో ఆ డ్రైవ్‌ను తీసుకుని షేర్ నేమ్ చదివితే \\ తో మొదలయ్యే అసలు నెట్‌వర్క్ పేరు వస్తుంది. డ్రైవ్ అక్షరం తీసేసి దాన్ని పెట్టి సేవ్ చేయండి.

డైలాగ్‌లో మ్యాప్ డ్రైవులే కనబడటం లేదా? యాక్సెస్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచారేమో చూడండి. అలా తెరిచిన ప్రోగ్రాముకు మామూలు లాగిన్‌లో మ్యాప్ చేసిన డ్రైవులు సాధారణంగా కనిపించవు.

పాత్‌ల గొడవ ఎందుకు, ఫైళ్లనే టేబుల్లో పెట్టేస్తే పోదా అని కొందరు అడుగుతారు. యాక్సెస్ డేటాబేస్ పరిమితి 2 జీబీ. స్కాన్ చేసిన కాగితాలు చేరడం మొదలైతే ఎంత త్వరగా నిండుతుందో మీరే ఊహించుకోండి.

8. సరిపోయిందో లేదో ఇలా తేల్చుకోండి

డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. ఏ సందేశమూ రాకూడదు. యాక్సెస్‌ను పూర్తిగా మూసి తెరవండి, ఎందుకంటే పాత సెట్టింగులు పోయేది అప్పుడే. తర్వాత ఈ వరుసలో చేసి చూడండి:

మొదట బటన్ నొక్కి క్యాన్సిల్ చేయండి. ఎర్రర్ రాకూడదు, టేబుల్లో కొత్త రికార్డు పడకూడదు. మామూలు పేరున్న ఫైల్‌ను ఎంచుకోండి. వెంటనే మళ్లీ నొక్కి ఈసారి క్యాన్సిల్ చేయండి. రికార్డుల లెక్క మారకూడదు. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే, పాత ఫైల్ మళ్లీ దిగే తప్పు బయటపడేదీ ఇక్కడే. తర్వాత డైలాగ్‌ను మూడుసార్లు వరుసగా తెరిచి ఫిల్టర్ జాబితా చూడండి, పెరగకూడదు. ఆపై పై కామా, #, తెలుగు పేరు, పొడుగు పాత్ ఉన్న ఫైళ్లు ఒక్కొక్కటీ ఎంచుకుని, టేబుల్లో పడిన పాత్‌ను కాపీ చేసి విండోస్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో అతికించి ఎంటర్ కొట్టండి. ఫైల్ తెరుచుకుంటే ఆ పేరు గట్టెక్కినట్టే.

ఇదంతా ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో లాగిన్‌తో ఒకసారి చేయండి. వీలైతే మీది 64 బిట్ అయితే అక్కడ 32 బిట్ ఉండేలా చూసుకోండి. కోడ్ దాచి ఏసీసీడీఈగా ఇస్తున్నట్టయితే రెండు బిట్లకూ విడివిడిగా చేయాలి. 32 బిట్ యాక్సెస్‌లో చేసిన ఏసీసీడీఈ 64 బిట్‌లో తెరుచుకోదు. ఏది ఎవరికి పంపారో ఫైల్ పేరులోనే 32, 64 అని రాసుకుంటే తర్వాత ఫోన్లు తగ్గుతాయి.